కొండ కషాయములు – మన కర్తవ్యము

2025వ సంవత్సరము డిసెంబరు మాసమున భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవారు ఒక వివరణను వెలువరించిరి. కెమీలియా సైనెన్సిస్ అను శాస్త్రీయనామము గల తేయాకు మొక్కనుండి లభించిన ఆకుతో చేయు పానీయమునకు మాత్రమే "టీ" యను పేరు చెల్లుననియు, తులసియో, పూవులో, వేళ్ళో, మఱి యే మూలికయో డబ్బాలో పోసి దానికి "హెర్బల్ టీ" యని చీటీ యంటించుట తప్పుపేరు పెట్టుటయే యగుననియు దాని సారాంశము. అందమైన డబ్బాలలో మూలికల పొడి నమ్ముచున్న పట్టణ వర్తకులకిది కష్టముగా తోచియుండవచ్చును. మాకు మాత్రము మేలుగనే తోచినది. మనకు పేరు లేక పరుల పేరు నెరవు తెచ్చుకొనలేదు. మన పేరును మఱచి తెచ్చుకొంటిమి. ఎరవు తెచ్చిన సొమ్మును చట్టము తీసివేసినది కావున ఇప్పుడైనను ఇంటిలోని నగ యెక్కడ పెట్టితిమో వెదకికొనుట యుక్తము.

బంట్వారము మొదలు అనంతగిరి వఱకు గల మెట్టలలోను, చిట్టడవులలోను పెరుగు మూలికలను మన పెద్దలు తరతరములుగా కాచి త్రాగుచు వచ్చిరి. జలుబునకొకటి, అజీర్ణమునకొకటి, బాలెంతరాలికొకటి, వేసవి తాపమునకొకటి. వీనిని నేడు కొందఱు సర్వరోగనివారిణులని పొగడుచున్నారు. మఱికొందఱు ముసలమ్మల మూఢవిశ్వాసములని త్రోసిపుచ్చుచున్నారు. ఈ రెండు మార్గములును సోమరుల మార్గములే. పొగడువాడును పరీక్షింపడు, తెగడువాడును పరీక్షింపడు. ఈ నడుమ కొండమీది మొక్క తఱిగిపోవుచున్నది. దాని నెఱిగిన మనుష్యుడు వృద్ధుడగుచున్నాడు. ఇదియే మేమీనాడు పాఠక మహాశయుల దృష్టికి తేదలచిన విషయము.

ముందుగా తేయాకు మన యిండ్లలోనికి ప్రవేశించిన విధమును స్మరింపవలెను. 1823లో రాబర్టు బ్రూసు అను స్కాచి వర్తకుడు అస్సాము కొండలలో సింగ్‌ఫో జాతివారి సాయమున ఈ మొక్కను గుర్తించెను. 1839లో అస్సాము తేయాకు లండను నగరమున వేలమునకు వచ్చెను. ఆ పిమ్మట అర్ధశతాబ్దికి పైగా దానిని పండించినవారు మనవారు, త్రాగినవారు పరులు. 1903లో ప్రభుత్వము టీ సెస్సు చట్టమును చేసి, ఎగుమతి యగు తేయాకుపై పన్ను వసూలు చేసి, ఆ ధనమును తేయాకు ప్రచారమునకు వినియోగింప నారంభించెను. 1930 ప్రాంతమున ప్రపంచమంతట ధరలు పడిపోగా, అమ్ముడుపోని సరకునకు భారతీయుల గొంతుకయే మార్గమని తోటల యజమానులు తలంచిరి. రైలు స్టేషనులలో ప్రకటనలు వెలసెను. సంతలలో, తిరునాళ్ళలో ఉచితముగా కప్పులు పంచిరి. అప్పటి పెద్దలలో ననేకులు దానిని వ్యసనమని నిరసించిరి. అయినను అలవాటు గెలిచెను. నేడు చాయ త్రాగని గ్రామము లేదు. చాయ బండి లేని కూడలి లేదు.

తేయాకును మేము విషమనుట లేదు. మితముగా త్రాగినవానికి దానివలన కీడు లేదు. దానిపై జీవించు కూలీలు లక్షలు గలరు. మా వాదము వేఱు. ఒక అలవాటు ధనముతోడను, ప్రచారముతోడను కల్పింపబడగలదనుటకు చాయ సాక్ష్యము. అట్లు కల్పింపబడిన యలవాటు పాతదానిని త్రోసివేయుననుటకును అదియే సాక్ష్యము. పల్లెలలో కూలికి పోవు స్త్రీలనేకులు చక్కెర దండిగా వేసిన చాయతోనే ప్రొద్దు గడపుచున్నారు. భోజనముతో కలిపి త్రాగిన తేయాకు, శాకాహారమందలి యినుమును శరీరము గ్రహింపకుండ అడ్డుపడునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి మించి రక్తహీనతతో బాధపడుచున్నారు. దీనికి చాయ యొక్కటియే కారణమని యెవ్వరును అనరు. పేదరికము, పప్పు కూరలు చాలని భోజనము ప్రధాన కారణములు. కాని అన్నమునకు చాయను ప్రతిగా నిలుపుట ఆ గాయముపై కారము చల్లుటయే.

ఇక మన పేరుల మాట. ఆయుర్వేదమున మూలికను నీటితో చేర్చి సేవించు విధానములు అస్తవ్యస్తముగా లేవు. శార్ఙ్గధర సంహిత మొదలగు గ్రంథములయందు స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని యైదు కల్పనలు చెప్పబడినవి. పచ్చి మూలికను దంచి పిండినది స్వరసము. నూఱిన ముద్ద కల్కము. ఒక పాలు మూలికకు పదునాఱు పాళ్ళ నీరు పోసి, ఎనిమిదవ పాలు మిగులునట్లు కాచినది క్వాథము. ఒక పాలు మూలికను ఆఱు పాళ్ళ చన్నీటిలో రాత్రియంతయు నానవైచి ప్రొద్దున వడకట్టినది హిమము. నాలుగు పాళ్ళ మరగిన నీటిలో పొడి వైచి, మూతపెట్టి, కొంతసేపటికి వడకట్టినది ఫాంటము. చీనావారును, ఆంగ్లేయులును తేయాకుతో చేయునది ఈ ఫాంటమే. అనగా నేడు హెర్బల్ టీ యని డబ్బాలలో నమ్ముడగుదానికి మనవారు కొన్ని శతాబ్దములనాడే నామకరణము చేసియున్నారు.

ఈ విభాగము కేవలము పండితుల వినోదము కాదు. సువాసన గల ఆకులను, పూవులను చాలసేపు కాచినచో అందలి తైలము ఆవిరియై పోవును. వానికి ఫాంటము తగును. గట్టి బెరడునకును, వేళ్ళకును క్వాథము తగును. కాకకు చెడునట్టి గుణము గలవానికి హిమమో స్వరసమో తగును. దీనికి ప్రపంచప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. చీనా దేశమున టూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు మలేరియా మందునకై ప్రాచీన గ్రంథములను వెదకుచుండగా, 4వ శతాబ్దమునాటి గే హుంగ్ అను వైద్యుని గ్రంథమున ఒక మొక్కను నీట నానవైచి, పిండి, ఆ రసమును త్రాగవలెనని యుండుట చూచెను. కాచుమని అందు లేదు. కాచుటచేతనే మందు చెడుచున్నదేమో యని తలంచి, ఆమె తక్కువ వేడిమిలో సారమును తీయగా ఆర్టిమిసినిన్ లభించెను. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చెను. పాతగ్రంథములోని యొక్క మాటను శ్రద్ధతో చదివి, ప్రయోగశాలలో నిష్ఠతో పరీక్షించుటవలన లక్షల ప్రాణములు నిలిచెను. గ్రంథమును పూజించి యూరకున్నను ఆ ఫలము రాదు. గ్రంథమును చింపి పారవైచినను రాదు.

మన కొండల సంగతి చూతము. మూసీనది పుట్టిన అనంతగిరి గాలి లక్షల రోగులకు మందను నానుడి ఉర్దూ భాషలో ఈ ప్రాంతమున వ్యాపించియున్నది. నిజాము ప్రభుత్వ కాలమున క్షయరోగులకై అచ్చట ఆరోగ్యాలయము వెలసినది. ఈ దక్కను మెట్టలపై తంగేడు పసుపుపచ్చగా పూయును. అదియే నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పము. పొదలపై తిప్పతీగ ప్రాకును. రాళ్ళ సందున సుగంధిపాల వేళ్ళు పాఱించును. నేలవేము, పొడపత్రి, అడ్డసరము, తులసి మనవారెఱిగినవే. ఇరుగు పొరుగు జహీరాబాదు నేలలలో అల్లము పండును. శొంఠి లేని కషాయము లేదని తెలుగు సామెత. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెతయును మనదే. మొదటి సామెత మన జ్ఞానమును, రెండవది మన బుద్ధిని తెలుపుచున్నవి.

వీనిలో దేనికెంత గుణమున్నదో నిష్పక్షపాతముగా విచారింతము. అల్లము వికారమును, ముఖ్యముగా గర్భిణుల వికారమును కొంతవఱకు తగ్గించునని పరీక్షలు తెలుపుచున్నవి. అడ్డసరపు ఆకులోని వాసిసీన్ అను పదార్థమును ఆధారముగా గొని చేసినదే బ్రోమ్‌హెక్సీన్ అను దగ్గుమందు. అంగళ్ళలోని దగ్గుమందు సీసాలపై ఆ పేరును చదువువారెందఱో అది మన చేని కంచె మొక్క సంతతి యని యెఱుగరు. నేలవేము జలుబు, గొంతునొప్పి లక్షణముల నుపశమింపజేయునని కొన్ని పరీక్షలలో తేలినది. పొడపత్రి ఆకు నమిలినచో కొంతసేపు నాలుకకు తీపి తెలియదు. అందలి జిమ్నెమిక్ ఆమ్లములే దీనికి కారణము. ఇంతవఱకు సంతోషమే.

కాని యిచ్చట ఆగి, రెండవ వైపును చూడవలెను. నేలవేము జలుబునకు పనికివచ్చినంత మాత్రమున డెంగీ జ్వరమునకు మందు కాజాలదు. 2012 ప్రాంతమున తమిళనాడు ప్రభుత్వము తొమ్మిది ద్రవ్యముల నేలవేము కషాయమును ప్రజలకు పంచెను. త్రాగువారు త్రాగవచ్చును గాని, దానిని నమ్ముకొని వైద్యాలయమునకు పోవుట ఆలస్యము చేసినవానికి ప్రాణాపాయము తప్పదు. పొడపత్రిని మధుమేహపు మాత్రలతో కలిపి వాడిన చక్కెర మితిమీఱి పడిపోవచ్చును. అతిమధురమును దినదినము మిక్కుటముగా సేవించినచో రక్తపుపోటు పెరిగి, శరీరమందలి పొటాషియము తగ్గును. 2020లో మహమ్మారి ప్రబలినపుడు ఆయుష్ మంత్రిత్వశాఖవారు తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియములతో కషాయమును సూచించిరి. అది చాలదని యనేకులు తిప్పతీగను తోచినంత తోచినట్లు త్రాగిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు బొంబాయిలో తిప్పతీగ సేవించి కాలేయము దెబ్బతిన్న ఆఱుగురు రోగుల విషయమును అచ్చటి వైద్యులు 2021లో ప్రకటించిరి. మంత్రిత్వశాఖవారు దానికి బదులు చెప్పుచు, తిప్పతీగను బోలిన వేఱొక తీగను పొరపాటున వాడియుండవచ్చుననిరి.

ఈ వివాదమున ఎవరి మాట యెంతవఱకు నిజమో ఎట్లున్నను, రెండు పక్షములనుండియు మనకు లభించు పాఠమొక్కటియే. తీగ యదేనా కాదా యని గుర్తింపగలవాడు లేనిచో ఎంతటి కషాయమైనను చీకటిలో వేసిన బాణమే. మన తాతలకాలమున ఆ గుర్తించువాడుండెను. ఆకును నలిపి వాసన చూచి, కాండమును గీరి రంగు చూచి, ఏ ఋతువున ఏ భాగము కోయవలెనో చెప్పగలవాడు ప్రతి యూరను ఒక్కడైన నుండెను. నేడు పొడి డబ్బాలోనున్నది. ఆకు కనబడదు, కోసినవాడును కనబడడు.

అనంతగిరి ఆరోగ్యాలయ మాటయు ఇచ్చట స్మరణీయము. కొండగాలికి లక్షల రోగుల మందని పేరు వచ్చినను, క్షయకు నిజమైన మందు 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడిన పిమ్మటనే వచ్చెను. అప్పటికిని ఆరోగ్యాలయములోని గాలి, విశ్రాంతి లేనిదే మందు పనిచేయదని లోకము నమ్మెను. ఆ నమ్మకమును పరీక్షించినది మన మదరాసు నగరమే. అచ్చటి క్షయ చికిత్సా కేంద్రమువారు ఇంటిలోనుండి మందు తినిన బీదలును, ఆరోగ్యాలయములో నుండి తినిన రోగులును సమానముగనే కోలుకొనుచున్నారని 1959లో లోకమునకు చాటిరి. దానితో ప్రపంచమంతట చికిత్సా పద్ధతి మారెను. అందువలన అనంతగిరి గాలి చెడ్డదయ్యెనా? కాలేదు. దాని స్థానము తేలినది, అంతే. కొండ కషాయముల స్థానమును అట్లే తేల్పవలెను.

పరీక్షయన్న భయపడువారు మన చరిత్రను చదువవలెను. సర్పగంధను గుఱించి 1931లో గణనాథసేను, కార్తికచంద్ర బోసులు వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు రక్తపుపోటుపై దాని గుణమును ఆంగ్ల వైద్యపత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు కంపెనీవారు దానినుండి రెసెర్పీన్ అను పదార్థమును వేఱుచేసిరి. పరీక్షవలన మన మూలికకు గౌరవమే వచ్చెను. మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోవుటకు ముందు మదరాసు ఆయుర్వేద కళాశాలలో బోధకులైయుండిరి. వారికి సంగ్రహణి వ్యాధి ప్రాప్తించినపుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని ప్రసిద్ధి. ఆ సుబ్బారావుగారే ప్రయోగశాలలో జీవితమును ధారపోసి లోకమునకు మందులు ప్రసాదించిరి. ఆయుర్వేదమునందు గౌరవమును, ప్రయోగమునందు నిష్ఠయును ఒక్క హృదయమున ఇముడగలవని వారి జీవితమే చాటుచున్నది.

సర్పగంధ కథకు రెండవ భాగమొకటి కలదు. గుణము తెలియగనే గిరాకి పెరిగెను. గిరాకి పెరుగగనే అడవిలో వేళ్ళు త్రవ్వివేయబడెను. తుదకు ఆ మొక్క అంతర్జాతీయ వ్యాపార నియంత్రణకు లోబడిన జాతులలో చేరెను. తంగేడు పూవు కోసినను, తులసి ఆకు గిల్లినను మొక్క బ్రదుకును. సుగంధిపాల వేరు త్రవ్వినచో మొక్కయే పోవును. హెర్బల్ అను మాట వేడుకయై పట్టణములలో ఎంత పెరిగిన, మెట్టలపై అంత తఱుగుదల యగును. దీనికి తోడు అడవియే తగ్గుచున్నది. పూడూరు మండలమందలి దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరముల భూమి నౌకాదళమువారి రేడియో కేంద్రమునకై కేటాయింపబడి, 2024 అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. దేశరక్షణకు మేమడ్డుచెప్పువారము కాము. కాని రక్షింపబడవలసిన దేశమనగా సముద్రతీరమొక్కటియే కాదు. దాని నదీమూలములును, ఓషధులును దేశమే. చెట్టు కూలకముందు అచ్చట నేమున్నదో వ్రాసికొనుట, అపూర్వములైన వానిని వేఱొకచోట నాటి కాపాడుట రక్షణశాఖకైనను, అటవీశాఖకైనను అసాధ్యము గాదు.

ఇక నీ జ్ఞానమెవరి సొత్తు? 1995లో పసుపు గాయమును మాన్పునను విషయముపై అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు పాతగ్రంథములను సాక్ష్యముగా చూపి 1997లో దానిని రద్దు చేయించిరి. గ్రంథమున వ్రాసియుండుటచేత ఆ హక్కు నిలిచెను. వ్రాయని హక్కు గతి యేమి? బంట్వారము ప్రాంతపు మెట్టలపై మూలిక తెచ్చు వృద్ధుని మాట యే గ్రంథమున నున్నది? కేరళమున కాణి జాతివారు చూపిన ఆరోగ్యపచ్చ యను మొక్కనుండి 1990 దశకమున తిరువనంతపురపు ఉద్యాన పరిశోధనాలయమువారు ఔషధము చేసి, కంపెనీవారిచ్చిన రుసుములో సగము కాణివారికే యిచ్చునట్లు ఏర్పాటుచేసిరి. అది న్యాయమైన మార్గము. 2002 జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయందును ఒక సంఘమును నెలకొల్పి, ఊరి మొక్కలను, వాని జ్ఞానమును ప్రజల పట్టికలో వ్రాయుమని శాసించెను. 2023లో చేసిన సవరణచే గ్రంథస్థమైన జ్ఞానము నుపయోగించువారికిని, నమోదైన ఆయుష్ వైద్యులకును కొన్ని బాధ్యతలనుండి మినహాయింపు లభించినది. గ్రంథమునకెక్కినది అందఱిదయ్యెను, నోటిమాటగా నున్నదానికి హక్కుదారుడెవడో చెప్పు పట్టికయే కావలెను. ఆ పట్టిక అలమారలో నలంకారమై యుండరాదు. మూలిక నెఱిగినవాడు నిరక్షరాస్యుడైనను వాని యెదుట కూర్చుండి, వాని మాట వాని పేరిట వ్రాయవలెను.

ఇందుకు మన మేమి చేయవలెను? భూస్వాములు తమ చేలగట్లపై తుమ్మకంపకు బదులు అడ్డసరమును, బీడుపై తంగేడును, బావిగట్టున తులసిని, నిమ్మగడ్డిని పెంచవచ్చును. ఎకరము పోదు, గట్టు నిండును. గిరాకి చేనినుండి తీఱినచో అడవి కొంత ఊపిరి పీల్చును. పట్టణవాసులు డబ్బా కొనునపుడు అందేమున్నది, ఏ మొక్క ఏ భాగము, ఎవరు కోసిరి యని యడుగుట నేర్వవలెను. మూలికల పేరిట చక్కెర నమ్ముటను సహింపరాదు. భోజనశాలల యజమానులు చాయ ప్రక్కన శొంఠి, ధనియములు, జీలకఱ్ఱతో కాచిన పానీయమొకటి యుంచిన, త్రాగువారుండకపోరు. చాయయే యట్లు అలవాటైనది గదా! వైద్యులును ఆయుర్వేద పండితులును ఒకరినొకరు వెక్కిరించుట మాని, రోగి యే కషాయము త్రాగుచున్నాడో అడిగి వ్రాసికొనవలెను. గర్భిణులకు, కాలేయ, మూత్రపిండ రోగులకు, ప్రతిదినము మాత్రలు మ్రింగువారికి వైద్యుని యనుమతి లేనిదే కషాయము కూడదని ఊరూర చెప్పవలెను. ప్రభుత్వమువారు అనంతగిరి ప్రాంతమున సరియైన పేరు పలకలతో ఓషధీవనము నొకటి యుంచి, బడిపిల్లలకు అడవి తెలిసిన పెద్దలచేతనే పాఠము చెప్పింపవలెను. ఆ పెద్దలకు ఉపాధ్యాయునికి వలెనే వేతనమీయవలెను.

సెస్సు ధనముతో, ప్రకటనలతో ఒక పరాయి యలవాటు ముప్పది, నలువది యేండ్లలో మన పల్లెలను గెలుచుకొనగలిగినపుడు, మన యింటి యలవాటును వివేకముతో నిలుపుకొనుటకు మనకు శక్తి లేదనుట లజ్జాకరము. అయితే నిలుపుకొనవలసినది గ్రుడ్డినమ్మకమును గాదు. మొక్కను గుర్తించు కన్ను, మోతాదు నెఱిగిన చేయి, పరీక్షకు వెఱవని బుద్ధి, మూలిక తెచ్చినవానికి వాని పాలిచ్చు న్యాయము. ఈ నాలుగును చేరినపుడే అది కషాయము. లేనిచో అది రంగునీరు మాత్రమే. కొండలపై మూలిక నెఱిగినవారింకను కొందఱున్నారు. వారుండగనే ఈ పని పూర్తి కావలెను.